మాట్లాడే గ్లోబు: టికెట్లు కొట్టే మనిషి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ గ్లోబుతో వచ్చే పెన్ను ఏ ఊరి మీద పెడితే ఆ ఊరి పేరు పలుకుతుంది గానీ, దానికి తెలుగు రాదు. డబ్బా మీద రంగురంగుల అక్షరాలతో ‘బహుభాషా గ్లోబు’ అని ఉంటుంది కాబట్టి మన భాష కూడా ఉండే ఉంటుందని తీసుకెళ్ళిపోయేరు. ఇంగ్లిషు, హిందీ, ఫ్రెంచి, స్పానిష్, అంతే. దుకాణంలో అడిగితే ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వస్తుంది మేడమ్’ అంటారు. ఆ పెన్నుకు వైఫై లేదు, కేబుల్ పెట్టే చిల్లూ లేదు, అప్‌డేట్ ఎట్నుంచి ఎక్కుతుందో ఆయనకే తెలియాలి. అయినా నేను దాన్ని వాపసు ఇవ్వలేదు. అందులో ఒక కిటుకు ఉంది. అది డబ్బా మీదా రాయలేదు, దుకాణంలోనూ చెప్పలేదు.

నేనెవరో చెప్తే నా కొలతలేంటో మీకు తెలుస్తాయి. బషీర్‌బాగ్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో టికెట్లు కొట్టడం నా ఉద్యోగం. పొద్దున కంప్యూటర్ తెరిచింది మొదలు సాయంత్రం షట్టర్ దించేదాకా నోట్లో నానేవన్నీ ఊళ్ళ పేర్లే. చికాగో విమానాశ్రయానికి ‘ఓఆర్‌డి’ అనే కోడ్ ఎందుకు వచ్చిందంటే దాని పాత పేరు ఆర్చర్డ్ ఫీల్డ్ కాబట్టి అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. 2008లో శంషాబాద్ తెరిచినప్పుడు మన ‘హెచ్‌వైడి’ అక్కడికి తరలిపోయి బేగంపేటకు ‘బీపీఎం’ మిగిలింది. హైదరాబాద్ పేరుతోనే సింధులో ఇంకో ఊరుంది, దాని కోడ్ ‘హెచ్‌డీడీ’. ఇన్ని తెలిసినా నా పాస్‌పోర్టులో ఇంతవరకు ఒక్క ముద్ర పడలేదు. ఊరందరినీ విమానం ఎక్కించేదాన్ని నేనే, ఎయిర్‌పోర్టులో లోపలి గేటు దాటనిదాన్నీ నేనే.

పేరు సరిగ్గా పలకడం మా పనిలో సోకు కాదు. స్పెయిన్‌లో గ్రనాదా ఉంది, కరీబియన్ సముద్రంలో గ్రెనేడా అనే దేశం ఉంది. 2013లో ఒక అమెరికన్ పళ్ళ డాక్టరు మొదటిది అడిగితే రెండోదానికి టికెట్ ఇచ్చారు, ఆ గొడవ కోర్టుదాకా పోయింది. సిడ్నీ అంటే ఆస్ట్రేలియానే అనుకుంటాం, కెనడాలో నోవా స్కోషియాలో ఇంకో సిడ్నీ ఉంది. అక్కడ దిగి సముద్రం పక్కన ఆపెరా హౌస్ కోసం వెతుక్కున్నవాళ్ళ కథలు పేపర్లలో వచ్చాయి. శాన్ హోసే అయితే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి. అందుకే ఫోన్‌లో ‘ఎం ఫర్ మద్రాస్, బి ఫర్ బొంబాయి’ అని అక్షరం అక్షరం అడిగి, రెండుసార్లు తిరగ చదివి, అప్పుడు గానీ మీట నొక్కం. ఇలాంటి చెవితో నేను ఈ గ్లోబును పరీక్షించాను.

కొన్నది మా తమ్ముడి బిడ్డకు. నల్లకుంటలో మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. అది ఏడో తరగతి. సోషల్ పుస్తకంలో పటం కనిపిస్తే చాలు, ‘అత్తా, ఇది ఎట్లనాలే?’ అని నా దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. కోఠిలో స్కూలు సామాన్లు అమ్మే దుకాణం ఒకటి ఉంది, మెట్ల కింద గ్లోబులు వరసగా వేలాడేసి ఉంటాయి. నాలుగు వేలు చెప్పాడు, మూడున్నరకు దిగాడు. గట్టిగా ఇంకాస్త లాగితే ఇంకో రెండొందలు తగ్గేవాడేమో, కానీ పక్కన ఆ పిల్ల అప్పటికే గ్లోబును రెండు చేతులా పట్టేసుకుంది. దాని మొహం చూశాక ఏ దుకాణదారూ మెత్తబడడు.

వస్తువు సంగతికి వస్తే, బంతి అడ్డంగా 30 సెంటీమీటర్లు. ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి, బానే తిరుగుతుంది. ఉత్తర ధ్రువం దగ్గర అతుకు కొంచెం చేతికి తగులుతుంది. లోపల ఎల్ఈడీ బల్బు, వెలిగిస్తే దేశాల రంగులు పోయి నక్షత్ర మండలాలు కనిపిస్తాయి. ఇది పిల్లలకు రెండు రోజుల ముచ్చట. అసలు సరుకు పెన్నులో ఉంది. లావుగా, క్యారెట్ రంగులో ఉంటుంది. మొన కింద చిన్న గాజు కన్ను. ఆఫీసులో పాస్‌పోర్టులు చూసే భూతద్దం ఇంటికి తెచ్చి గ్లోబు మీద పెట్టి చూశాను. నీలం సముద్రం అనుకున్నదాని మీదంతా మిరియాల పొడి చల్లినట్టు కంటికి ఆనని చుక్కలు. ఆ చుక్కల అమరిక చోటుచోటుకీ వేరుగా ఉంటుంది. పెన్ను మొనలోంచి వచ్చే పరారుణ కాంతిలో కెమెరా వాటిని చదివి, ఇది ఫలానా ఊరు అని పోల్చుకుని, లోపల దాచుకున్న రికార్డింగ్ వినిపిస్తుంది. అంటే పెన్నుకు భూగోళం ఏమీ తెలియదు, చుక్కలే తెలుసు. గోరు గీతలు పడనివ్వకండి. మా ఇంట్లో మడగాస్కర్ మీద గీత పడింది, అప్పట్నుంచి దాని రాజధాని అంటానానరివో మూగబోయింది.

ఇంటికి తెచ్చిన రోజు అందరం మొదట పెట్టింది హైదరాబాద్ మీదే, ఇంకెక్కడ పెడతాం? ‘హైడ్రబ్యాడ్’ అంది పెన్ను. ఎవరో ఇంగ్లండు ఆడమనిషి గొంతు, చాలా మర్యాదగా, చాలా తప్పుగా. పిల్ల పడి పడి నవ్వి, ‘ఏందత్తా ఇది, మన ఊరి పేరే సక్కగ పలుకుతలేదు, లోకం పేర్లేం పలుకుతది?’ అంది. న్యాయమైన ప్రశ్న. రివ్యూ మొత్తం ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

ఇంగ్లిషు గొంతు ఇంగ్లిషు దేశాల దగ్గర బాగా పని చేస్తుంది. అమెరికా వైపు తిప్పి పరీక్ష పెట్టాను, ఎందుకంటే మా కౌంటర్ దగ్గర సగం గిరాకీ అటే. ఇలినాయ్ అన్నప్పుడు చివరి ఎస్ పలకలేదు, సంతోషం. ఆర్కన్సా దగ్గరా సరిగ్గానే అంది. కాన్సస్‌లో ఎస్ పలికి ఆర్కన్సాలో మింగేయడం ఏంటని అడిగే అమ్మానాన్నలు నాకు బోలెడుమంది, పిల్లలు ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉద్యోగాలు చేస్తుంటారు కదా. ఇది అక్కడివాళ్ళకూ తలనొప్పే. 1881లో ఆ రాష్ట్ర శాసనసభ కూర్చుని, మా పేరు చివర ఎస్ పలకకూడదని తీర్మానం చేసింది. బ్రిటన్ వైపు లెస్టర్, ఉస్టర్, ఎడిన్‌బరా అన్నీ ఒప్పే. ఆస్ట్రేలియా దగ్గర ‘మెల్‌బోర్న్’ అని సాగదీసింది. అక్కడ చదువుకునే మన పిల్లలు నెల తిరక్కుండానే ‘మెల్‌బన్’ అనడం మొదలుపెడతారు. మార్కు కొయ్యాలనిపించింది గానీ వదిలేశా.

ఇంగ్లిషు దేశాలు దాటామా, ఇక కష్టాలే. మాడ్రిడ్, టొలీడో, బ్యూనస్ ఎయిరీజ్. అన్నీ లండన్ మీదుగా వచ్చిన పేర్లు. మన పేపర్లలో రాసేవీ ఇవే కాబట్టి మనకు తప్పుగా కూడా అనిపించవు. ఇదిగో, కిటుకు ఇక్కడే. గ్లోబు అడుగున దిమ్మె మీద నాలుగు జెండా బొమ్మలున్నాయి. స్పెయిన్ జెండా మీద పెన్ను తాకించి, తర్వాత మళ్ళీ స్పెయిన్‌కు వెళ్ళండి. ‘మద్రిద్’ అంటుంది. ‘తొలేదో’ అంటుంది. చెవి నిక్కబొడుచుకుంది నాకు. స్పానిష్ వాళ్ళ త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళకు తగులుతుంది. మనకు పుట్టుకతో వచ్చిన అక్షరాలు వదిలేసి, ఇంగ్లిషువాడి ట, డ అరువు తెచ్చుకుని అక్కడి ఊళ్ళకు తగిలిస్తున్నాం. స్పానిష్‌లో దక్షిణ అమెరికా మొత్తం ఒక చుట్టు తిరిగాను. ‘బ్వేనోస్ ఐరేస్’, ‘వల్పరైసో’, పైన మెక్సికోలో ‘వహాకా’. ఈ చివరిది అచ్చులో చూస్తే ఎవ్వరైనా ‘ఓక్సాకా’ అంటారు.

ఫ్రెంచి జెండా తాకించి పారిస్ మీద పెడితే ‘పారీ’, అందులో ర గొంతులోంచి గీరుకుంటూ వస్తుంది. అంతకన్నా నాకు పనికొచ్చింది పశ్చిమ ఆఫ్రికా. బుర్కినా ఫాసో రాజధాని పేరు ఇంగ్లిషు అక్షరాల్లో చూస్తే ఎన్ని ఓలు, ఎన్ని యూలు! ఫ్రెంచి గొంతు తేలిగ్గా ‘వాగదూగూ’ అనేసింది. తెలుగులో రాస్తే నాలుగే అక్షరాలు.

అయితే ఏ జెండా పెడితే ఆ భాష లోకమంతటినీ తన నోటితోనే పలుకుతుంది. స్పానిష్‌లో ఉండగా లండన్ తాకితే ‘లోంద్రెస్’, ఫ్రెంచిలో ‘లోంద్ర్’. హిందీలో ఈజిప్టు ‘మిస్ర్’, గ్రీసు ‘యూనాన్’. పిల్ల మొదట కంగారుపడి, పెన్ను పాడైందనుకుంది. ఇప్పుడు దానికి అదే ఆట. ఒకే ఊరిని నాలుగు జెండాలతో తాకించి, ఏది ఆ ఊరివాళ్ళ పలుకో కనిపెట్టాలి. ఆట నాతో ఆడుతుంది, నేను ఓడిపోతే టీ నేనే పెట్టాలి, గెలిచినా నేనే పెట్టాలి.

హిందీ గొంతు గురించి ఇంకో మాట. గల్ఫ్ ఊళ్ళ దగ్గర ఇంగ్లిషు కన్నా అది నయం. జెద్దా, దమ్మామ్‌లలో ఒత్తు పూర్తిగా పలుకుతుంది. కానీ గల్ఫ్ విషయంలో నాకు ఏ పెన్నూ ఆనదు, ఎందుకంటే నాకు గురువులు కౌంటర్‌కు ఆవలే నిలబడతారు. హైదరాబాద్‌లోనే బార్కస్ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. వాళ్ళ తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చినవాళ్ళు. నేను మొదట్లో ‘కతార్’ అంటే ఆయన నవ్వి, ‘కతార్ నక్కో బోలో అమ్మా, కతార్ బోలే తో లైన్. ముల్క్ కా నామ్ ఖతర్’ అన్నారు. వరసలో నిలబడటాన్ని దేశం చేశానన్నమాట. ఇందులో ఇంకో మెలిక ఉంది. అరబ్బీలో ఆ మొదటి అక్షరం గొంతు అడుగునుంచి వచ్చే క. మన హైదరాబాదీ ఉర్దూలో దాన్ని ఖ చేసేస్తారు. అదే దోహాలో ఉండేవాళ్ళను అడిగితే గ లాగా, ‘గతర్’, ‘గితర్’ మధ్యలో ఎక్కడో పలుకుతారు. ఒక్క దేశం పేరుకు ఇన్ని పలుకులు నేను కుర్చీలోంచి లేవకుండా విన్నాను. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చే అమ్మలకైతే ఇవేవీ అక్కర్లేదు. ‘మా పిల్లగాడు దుబాయిల ఉన్నడు’ అంటారు. ఏ ఊరమ్మా అని అడిగితే, దస్తీలో మడిచి దాచిన కాగితం తీస్తారు. అందులో రియాధ్ అని ఉంటుంది.

ఈ నాలుగు జెండాలకూ అందని దేశాలే ఎక్కువ, అక్కడ పెన్ను చేతులెత్తేస్తుంది. పోలండ్‌లో ‘లోడ్జ్’ అని చదవబుద్ధయ్యే ఊరి అసలు పలుకు ‘ఊచ్’. పెన్నుకు ఆ సంగతి ఏ భాషలోనూ తెలియదు. జ్యూరిక్‌కు జర్మన్‌లో మొదటి అక్షరం మనం ‘చాలు’, ‘చుట్టం’ అన్నప్పుడు వచ్చే చ. పాత పుస్తకాల్లో ౘ అని పైన గుర్తు పెట్టి అచ్చువేసేవారే, అదే. మన పల్లెటూరి మనిషి సునాయాసంగా పలికే శబ్దాన్ని పెన్నేమో ‘జ’ అని సరిపెట్టింది. థాయ్‌లాండ్‌ను ‘టైలాండ్’ అంది. థాయ్ వాళ్ళది నిజంగానే మన థ, ఒత్తు థ. ఫుకెట్‌లో ఫ కూడా అంతే, మనం ‘ఫ్యాన్’ అన్నట్టు పెదవి కొరికి పలికేది కాదు, పాతకాలం పంతులుగారు ‘ఫలము’ అన్నప్పుడు పలికే ప ఒత్తు. జార్జియా దేశానికి మెడిసిన్ చదవడానికి వెళ్ళే పిల్లలకు టికెట్లు కొడతాను కదా, రాజధాని పేరు చెప్పమంటే ‘టిబిలిసి’ అంటారు. మధ్యలో ఆ ఇ దేనికి? త కింద బ ఒత్తు పెట్టి రాయండి, ‘త్బిలిసి’, చూసి చదివేయండి. దాని పక్కనే ‘మ్త్స్ఖేతా’ అనే పాత రాజధాని ఉంది. ఇంగ్లిషువాడు అక్కడ నాలుక మడతపడి కూర్చుంటాడు. మనకు ఒత్తుల మీద ఒత్తులు రాయడం, చదవడం చిన్నప్పటి అలవాటే కదా.

వీటి కోసం నేను ఫోన్‌లో ఫోర్వో వాడతాను. 2008 నుంచి నడుస్తున్న సైటు, ఏ దేశంవాళ్ళు ఆ దేశం మాటల్ని తమ గొంతుతో రికార్డు చేసి పెడతారు. గ్లోబులో పెన్ను పలికింది ఒకసారి, ఫోర్వోలో ఆ ఊరి మనిషి పలికింది ఒకసారి వినిపిస్తే పిల్ల చెవికి తేడా ఇట్టే పట్టుబడింది. బ్యాంకాక్ పూర్తి పేరు కూడా అలాగే విన్నాం. 168 ఇంగ్లిషు అక్షరాల పేరు, ప్రపంచంలో ఇంతకంటే పొడుగాటి ఊరి పేరు లేదని గిన్నెస్‌లో ఉంది. వంటింట్లోంచి మా అమ్మ వింటోంది. ‘క్రుంగ్ థేప్ మహానఖోన్, అమోన్ రత్తనకోసిన్, మహింతరా యుత్థయా...’ అని సాగుతుంటే గరిటె పట్టుకునే వచ్చింది. ‘ఏందే, ఎవరో దండకం చదువుతున్నరు?’ నిజంగా దండకమే. దాన్ని మన పలుకులోకి తిప్పితే అమర రత్న, మహేంద్ర అయోధ్య, నవరత్న రాజధానీ పురీ రమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమర విమాన అవతార స్థిత, చివర విష్ణుకర్మ ప్రసిద్ధి. అమ్మకు సగానికి సగం అర్థమైంది. మన దగ్గర చిత్తూరు వైపు వేంకటనరసింహరాజువారిపేట రైల్వే స్టేషను ఉంది కదా, ఇంగ్లిషులో 28 అక్షరాలు. ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగిన కుటుంబం మాది, కాబట్టి పొడుగాటి పేర్లంటే మాకు భయం లేదు.

ఫోన్‌లో అన్నీ ఊరికే దొరుకుతుంటే మూడున్నర వేలు పోసి గ్లోబెందుకని మా తమ్ముడు అడిగాడు. మీరూ అడుగుతారు. ఫోన్‌లో మీరు టైపు చేసిన ఊరే వస్తుంది. పేరు తెలియని ఊరిని ఎలా టైపు చేస్తారు? గ్లోబు మీద వేలు జారుతుంది. తుర్కియే కోసం వెతికి త్బిలిసి దగ్గర ఆగుతాం, అక్కడినుంచి కాస్పియన్ సముద్రం అవతలి గట్టుకు పోతాం. మా పిల్ల వాగదూగూ దగ్గరికి వెళ్ళింది అలా జారే.

దూరాల సంగతి ఇంకా బాగుంది. ఈ కొలత గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే దాదాపు 425 కిలోమీటర్లు. పూలు గుచ్చే దారం తెచ్చి హైదరాబాద్ నుంచి దుబాయికి బిగించి లాగితే ఆరు సెంటీమీటర్లు, అంటే రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు. చికాగోకు పెట్టమంటే పిల్ల దారాన్ని అడ్డంగా యూరప్ మీదుగా, అట్లాంటిక్ మీదుగా తీసుకెళ్ళింది. గోడ మీది పటం చూసి చూసి అందరికీ అలాగే అనిపిస్తుంది. ‘వదులు లేకుండా గుంజు’ అన్నాను. గుంజేసరికి దారం దానంతట అదే పైకి జారిపోయింది. కజకిస్తాన్, రష్యా ఎక్కి, స్వాల్‌బార్డ్ దీవుల పక్కగా, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగి చికాగో చేరింది. 31 సెంటీమీటర్లు. కౌంటర్ దగ్గర ‘అమెరికా పోయే విమానం ఉత్తరానికి ఎందుకు పోతది మేడమ్?’ అని అడిగేవాళ్ళకు నేను నోటితో చెప్పి చెప్పి అలసిపోయిన సంగతి, జానెడు దారం నిమిషంలో చెప్పేసింది. గ్లోబును ఆఫీసుకు తీసుకెళ్దామా అని కూడా అనిపించింది, పిల్ల ఒప్పుకోలేదు.

మన ఇంటికి సరిగ్గా అడుగున ఏముంది అని అడిగింది ఒకరోజు. బంతికి అటువైపు తిప్పి చూస్తే పసిఫిక్ మహాసముద్రం, అంతా నీళ్ళే. ఆ చుట్టుపక్కల కంటికి ఆనే పేరు ఈస్టర్ దీవి ఒక్కటే. నిరాశపడింది, ఏదో ఊరుంటుందనీ, అక్కడో ఏడో తరగతి పిల్ల ఉంటుందనీ అనుకుంది పాపం.

ఇక నేను వెళ్ళాలనుకునే ఊరి సంగతి. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆఫీసులో సిస్టమ్ తెరిచి నేను ఒక రూటు కొట్టి చూసుకుంటుంటాను. హెచ్‌వైడి నుంచి యూఎస్‌హెచ్. అర్జెంటీనా చిట్టచివర, దాదాపు 55 డిగ్రీల దక్షిణాన ఉండే ఊరు. దోహా, అక్కడినుంచి సావ్ పావ్లు, తర్వాత బ్వేనోస్ ఐరేస్, చివరగా అక్కడికి. సావ్ పావ్లులో ‘సావ్’ ముక్కులోంచి రావాలి, బడిలో నేర్చి మరిచిపోయిన అరసున్న అక్కడ పనికొస్తుంది. డేట్లు మారుస్తాను, ధర చూస్తాను, మూసేస్తాను. ధర చూశాక మూయక తప్పదు. డిసెంబరులో ఆ ఊళ్ళో పదిహేడు గంటలు వెలుతురు ఉంటుంది, జూన్‌లో ఏడు గంటలే. ఊరవతల బీగల్ జలసంధి. 1947లో మూసేసిన జైలు ఇప్పుడు మ్యూజియం, ఖైదీలు కట్టెలు మోసిన రైలు ఇప్పుడు టూరిస్టులను మోస్తోంది. ఆ ఊరి పేరును ఇంగ్లిషు గొంతు ‘ఊషువాయా’ అంది, అచ్చులో ఎస్ పక్కన హెచ్ చూసి ష చేసేసింది. స్పెయిన్ జెండా తాకించి మళ్ళీ పెట్టాను. ‘ఉస్వాయా’. హెచ్ నోరెత్తదు, ఎస్ దారి ఎస్‌దే. గిరాకీ అడగని ఊరి పేరును ఇన్నాళ్ళూ లోలోపలే అనుకున్నాను, ఇప్పుడు పైకి కూడా అంటున్నాను. దారం పెట్టి చూస్తే 35 సెంటీమీటర్లు, పదిహేను వేల కిలోమీటర్లు. దారం వెళ్ళేది దోహా వైపు కాదు, హిందూ మహాసముద్రం పొడుగునా దిగి అంటార్కిటికా దగ్గరగా. ఆ దారిన పోయే విమానం ఏదీ మా సిస్టమ్‌లో లేదు.

లోపాలు కూడా చెప్పాలి. కజకిస్తాన్ రాజధాని దగ్గర ‘నూర్-సుల్తాన్’ అని ఉంది. ఆ పేరు 2019 మార్చిలో పెట్టి, 2022 సెప్టెంబరులో తీసేసి మళ్ళీ అస్తానా చేశారు. ఉత్తర మాసిడోనియా, ఎస్వాతిని సరిగ్గానే ఉన్నాయి కాబట్టి బంతి ముద్రించింది ఆ మధ్యకాలంలోనే. డబ్బా మీద తయారీ తేదీ మాత్రం నిన్నగాక మొన్నది. పాత బంతికి కొత్త డబ్బా తొడిగి అమ్ముతున్నారు. ఇది నాకు నచ్చలేదు. తయారీదారుకు మెయిల్ పెట్టాను, ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని జవాబు వచ్చింది. విలువైతే మార్చండి మరి. రాష్ట్రాల గీతలు పట్టుకుని చూస్తే తెలంగాణ ఉంది, సంతోషం. భారతదేశం సరిహద్దుల మీద ఒక చిన్న స్టిక్కరు అతికించి ఉంటుంది, దాన్ని పీకకండి. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా మన సరిహద్దులు అచ్చువేయడం చట్టప్రకారం నేరం. బయటినుంచి వచ్చే గ్లోబుల మీద ఇలా సరిదిద్ది అమ్ముతారు. బాధల్లా ఆ స్టిక్కరు కింద పెన్ను పలకకపోవడమే. లేహ్ మీద ఎంతసేపు గుచ్చినా ఉలుకూ పలుకూ లేదు.

శబ్దం మూడు మెట్లు, మూడోది ఇరుగుపొరుగుకు వినపడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక వాడనివ్వకండి. ‘రాజధాని, జనాభా, భాష, డబ్బు’ అంటూ పెన్ను చెప్పే వివరాల్లో జనాభా లెక్కలు పాతవి, వాటి మీద ఆధారపడి హోంవర్కు రాయించకండి. జాతీయ గీతాలు వినిపించే బటన్ ఉంది. ఒకసారి నొక్కితే పూర్తయ్యేదాకా ఆగదు.

ఎవరు కొనాలంటే, పేరు కనిపిస్తే పైకి చదివి చూసుకునే పిల్లలున్న ఇల్లు అయితే కొనండి. షోకేసులో పెట్టేందుకైతే మామూలు గ్లోబు ఏడెనిమిది వందలకే దొరుకుతుంది. ఐదుకు నేను మూడున్నర ఇస్తాను. తెలుగు గొంతు పెడితే నాలుగున్నర. కొనేటప్పుడు దుకాణంలోనే డబ్బా విప్పించండి, అస్తానా ఉందో నూర్-సుల్తాన్ ఉందో చూడండి, నాలుగు జెండాలూ తాకించి నాలుగు గొంతులూ పలుకుతున్నాయో లేదో వినండి. బ్యాటరీలు డబ్బాలో రావు, రెండు ట్రిపుల్ ఏలు విడిగా కొనుక్కోవాలి. వాటి మూతకు స్క్రూ ఉంటుంది, ఇంట్లో సన్న స్క్రూడ్రైవర్ లేకపోతే అది కూడా కోఠిలోనే తీసుకోండి.